వకుళమ్మ కారు కింద ఆయిల్ మరక

దస్తగిరి మేస్త్రీని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆత్మకూరు షెడ్డులో పదేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పెంచలయ్యకు ఈ సంగతి బాగా తెలుసు. అయినా ఆ మంగళవారం పొద్దున ఉండబట్టలేక అడిగేశాడు.

"ఒకచోట లీకు ఆపితే ఇంకోచోట కారతా ఉండాది మేస్త్రీ. నేను బాగుచేసే కొద్దీ ఎక్కువవతా ఉండాది. ఎందుకంటారు?"

అతను అడిగింది వకుళమ్మగారి పాత కారు గురించి. ఆవిడ వారానికి రెండుసార్లు భర్తను వెనక సీట్లో పడుకోబెట్టి, తానే నడుపుకుంటూ నెల్లూరులో డయాలసిస్‌కు తీసుకుపోతుంది. నెల కిందట ఇంజను పైమూత దగ్గర కాస్త చెమ్మ కనబడితే, పెంచలయ్య ఇంజనంతా కడిగి మూత కింద కొత్త ప్యాకింగు వేశాడు. వారం తిరక్కుండా అడుగున కారింది. అక్కడా ప్యాకింగు మార్చాడు. ఆ తర్వాత వెనక సీలు. అదీ మార్చాడు. మొన్న శనివారం సంగం దగ్గర ఆయిల్ తగ్గిందని చెప్పే ఎర్రదీపం వెలిగితే, ఆవిడ రోడ్డు పక్కన ఆపి, డబ్బాలోని ఆయిల్ పోసుకుని మళ్ళీ బయల్దేరింది. ఒక్క డయాలసిస్ తప్పినా ఆయనకు ఆయాసం మొదలవుతుంది.

రేపు మళ్ళీ వెళ్ళాలి. ఆవిడ షెడ్డు బల్ల మీద కూర్చుని, కారు కింద పరిచిన అట్టముక్కనే చూస్తోంది. దాని మీద నల్లటి చుక్క పడ్డప్పుడల్లా చీర కొంగు నలుపుతోంది. అది చూస్తున్న పెంచలయ్యకు ఒకటే ఆలోచన. దారిలో ఇంజను పట్టేస్తే ఆ పాపం ఎవరిది?

దస్తగిరి కారు కిందికి వంగనైనా లేదు. "కడుగు" అన్నాడు.

"మొదటిసారే కడిగాను గదా మేస్త్రీ!"

"అప్పుడెట్ట కడిగావో అట్టే కడుగు."

పెంచలయ్య లోలోపల తిట్టుకుంటూ ఎయిర్ ఫిల్టరు విప్పాడు. ఇంజను లోపలి వేడిగాలి బయటికి పోయే గొట్టం కనబడింది. కడిగేటప్పుడు అందులోకి నీళ్ళు పోకుండా గుడ్డ కుక్కడం ఆ షెడ్డులో ఆచారం. పెంచలయ్య తన పాత లుంగీలోంచి ఒక పీలిక చించి, ఉండచుట్టి, గొట్టంలోకి తోశాడు. పోలేదు. వేలితో నొక్కాడు. లోపల మెత్తగా ఏదో తగిలింది.

వంకర కమ్మీ పెట్టి లాగితే ఆయిల్లో నానిన గుడ్డ ఒకటి బయటికొచ్చింది. పిండితే నీలి గళ్ళు తేలాయి. చేతిలోని పీలికకూ అవే గళ్ళు.

నెల రోజులుగా ఆ గాలి బయటికి దారిలేక, సందు దొరికిన చోటల్లా ఆయిల్‌ను తోస్తూ వచ్చింది. అతను పనిమంతుడిలాగా ఒక్కో సందూ మూస్తూ వచ్చాడు. గుడ్డను గుప్పిట్లో దాచేసుకుని, ఫిల్టరు బిగించి, ఇంజను స్టార్ట్ చేశాడు. అరగంట తిరిగినా కొత్త అట్టముక్క మీద చుక్క పడలేదు.

వకుళమ్మ లేచి దగ్గరికొచ్చింది. "రేపు ధైర్యంగా పోవచ్చా నాయనా? ఇంతకీ ఏందంట దానికొచ్చిన రోగం?"

"పాత బండి గదమ్మా..." అని మొదలుపెట్టి, ఆగి, పెంచలయ్య మేస్త్రీ వైపు చూశాడు.

దస్తగిరి అతని చేతినే చూస్తున్నాడు.

"ఇంజనుకు ఊపిరాడింది పెంచలయ్యా" అన్నాడు. "ఇంక గుప్పిట విప్పు."