అహోబలరాయలవారి వైరాగ్యం, అరటితోట

సముద్రపు ఒడ్డున ఒక చిన్న రాజ్యం ఉండేది. రాజ్యం చిన్నదే గాని, రాజు అహోబలరాయలవారి బిరుదులు చదవడానికి ఒక పూట పట్టేది.

ఆ ఏడు ఆయనకు వైరాగ్యం పట్టుకుంది. రేవులో దిగిన ఒలందా దేశపు డచ్చి వర్తకుల పుస్తకాలను ఆస్థాన దుబాసీ సింగన తెలుగు చేసి వినిపించేవాడు. వాటిలో ప్రాచీన యవన జ్ఞానుల మాట రాజుగారికి తెగ నచ్చింది. జరిగేది మన చేతిలో లేదు, దుఃఖం మన చేతిలో ఉంది, వద్దనుకుంటే పోతుంది. అది మొదలు ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా ఆ ముక్కే చెప్పి పంపేవారు. వైరాగ్యం వల్ల ఖజానాకు బాగా కలిసొచ్చింది.

ఒకరోజు దోసతోట పుల్లమ్మ సభకొచ్చి గొల్లుమంది.

"బాబయ్యా, మీ పట్టపుటేనుగు రోజూ నా దోసపాదులు తొక్కి మేస్తోంది. నాకున్న ఆధారం అదొక్కటే. దాన్ని కట్టేయించండి."

పట్టపుటేనుగును కట్టకూడదనీ, అది మేసిన పొలానికి పుణ్యమనీ అక్కడి ఆనవాయితీ. ఆ పుణ్యం దక్కినవాళ్ళు సంతోషించినట్టు మాత్రం ఎవరూ వినలేదు.

"తోట పోవడం నీ చేతిలో లేదమ్మా," అన్నారు రాజుగారు మీసం నిమురుకుంటూ. "ఏడుపు నీ చేతిలో ఉంది. మానెయ్."

సింగనకు ఒళ్ళు మండింది. చేతులు మాత్రం వినయంగానే కట్టుకున్నాడు.

"ప్రభూ, ఒలందాలో అద్దాలు సానపట్టుకుని బతికే కొత్త తత్వవేత్త ఒకాయన దీనికి ఒప్పుకోడు. పొమ్మంటే దుఃఖం పోదట. దానికంటే బలమైన ఉద్రేకం ఎదురొచ్చి తరిమితేనే పోతుందట."

"ఇద్దరూ మనసును అదుపులో పెట్టుకోమనే కదటోయ్! తేడా ఏముంది? రేపటికల్లా చూపించు. లేదా నీ కొలువు ఊడినట్టే."

మర్నాడు పొద్దున్నే సింగన మావటిని మంచి చేసుకుని, ఏనుగును స్నానాల రేవుకు బదులు రాజుగారి చక్రకేళి తోటకు నడిపించాడు. చెట్లు విరిగిన చప్పుడుకు రాజుగారు దుడ్డుకర్రతో పరుగెత్తుకొచ్చారు.

"ఎవడురా దీన్ని వదిలింది? వాడి తోలు ఒలిపిస్తాను!"

"ప్రభూ, తోట పోవడం తమ చేతిలో లేదు. కోపం తమ చేతిలో ఉంది. వద్దనుకోండి," అన్నాడు సింగన.

"వద్దనుకుంటున్నానురా! పోవడం లేదు!"

"మెల్లగా, ప్రభూ! గోడవతల పొరుగు రాజుగారి రాయబారులు నిలబడి తమ వైరాగ్యం వింటున్నారు."

రాజుగారి చేతిలో కర్ర జారిపోయింది. ఉత్తరీయం సర్దుకున్నారు. ఏనుగు ఇంకో గెల లాగింది.

"తిననీ, పాపం," అన్నారు తేనెలొలికే గొంతుతో.

సింగన తోట తలుపు తీశాడు. అవతల ఒక మేక తప్ప ఎవరూ లేరు.

"తమరు పొమ్మంటే కోపం పోలేదు. సిగ్గు వచ్చి తరిమింది. యవనులకూ ఒలందా ఆయనకూ తేడా అదే ప్రభూ. పుల్లమ్మ ఏడుపును తరమడానికి కూడా గట్టి సంతోషం ఏదైనా కావాలి మరి."

రాజుగారు మేకను చూశారు, సింగనను చూశారు, పొట్ట పట్టుకుని నవ్వారు. మిగిలిన అరటితోట పుల్లమ్మకు రాసిచ్చి, సింగనకు శాలువా కప్పి, ఏనుగు కాలికి గొలుసు వేయించారు.

ఆనవాయితీ మంటగలిసిందని పురోహితులు గొణిగారు.

"అయితే మీ పెరళ్ళలోకి వదలమంటారా?" అన్నారు రాజుగారు.

పురోహితులకు అప్పటికప్పుడే వైరాగ్యం వచ్చేసింది.