విల్లు మోగని ముసురు

సుంకన్నకు ధ్యానం కుదరడం లేదు. తప్పెవరిదో కూడా ఆయనే తేల్చేశాడు. గురువుదట!

గురువు లాలూసాబు పరుపుల దూది ఏకి బతికే మనిషి. ఊరి చివర, కొండ కింద ఆయన కొట్టం. పొద్దున లేస్తే దూలానికి వేలాడే పెద్ద విల్లు పట్టుకుని, నరంతో పేనిన దాని తాడు మీద కొయ్యగూటంతో కొడుతుంటాడు. టుంయ్... టుంయ్... కొట్టం నిండా దూది పొగలా లేస్తుంది. ఉపదేశమంటూ ఏమీ ఉండదు. ఎవరైనా వస్తే "కూర్చో నాయనా" అంటాడు, అంతే.

సుంకన్న భార్య తిరుపాలమ్మ దగ్గు జబ్బుతో పోయింది. ఆమె పోయింది గానీ ఆ దగ్గు ఆయన చెవుల్లోంచి పోలేదు. తిండి సయించదు, కంటి మీద కునుకు లేదు. ఆ బాధ పడలేకే ఏళ్ల కిందట ఇక్కడికొచ్చి గోడవారన చేరాడు. ఇప్పుడు బాగానే తింటున్నాడు, హాయిగా నిద్రపోతున్నాడు. ఒంట్లో సత్తువ చేరాక కోపం కూడా వస్తోంది మరి.

"సామీ, మీ విల్లు మోతకు నాకు మనసు నిలవడంల్యా. కొండమీద గుహ ఒకటి చూసొచ్చినా. ఆడికి పోతా" అన్నాడు ఒకరోజు.

లాలూసాబు ఆకాశం వంక చూశాడు. "ముసురు పట్టేట్టుంది. వెలిసినాక పోదువులే. అందాకా ఎట్లాగూ ఇది మోగదు." విల్లు దించి గోడకు ఆనించాడు.

అన్నట్టే ముసురు పట్టింది. కొండ కనబడకుండా పోయింది. ఊరూ కనబడకుండా పోయింది. పగలో సందెవేళో తెలియని వెలుతురులో ఆ కొట్టం ఒక్కటే ఎక్కడో తేలుతున్నట్టుంది. చెమ్మకు దూది ముద్దకట్టింది. విల్లుతాడు వదులైపోయింది. ఉప్పు నీరుకారింది. కట్టెలు మండక ఒకటే పొగ. ఆరిన పంచె ఒక్కటి దొరికితే చాలు దేవుడా అనుకున్నాడు సుంకన్న. మొన్నటిదాకా పంచె సంగతి ఎవరు తలిచారు!

అయినా లోపల సంబరమే. కోరుకున్న నిశ్శబ్దం వెతుక్కుంటూ వచ్చింది. గోడవారన కూర్చుని కళ్లు మూశాడు.

వాన సన్నగా జారుతోంది. చూరు నుంచి ఒక్కో బొట్టు రాలుతోంది. ఆ బొట్లకు ఒక వరస లేదు. లోపలికి పీల్చిన ఊపిరి ఎప్పుడు వదలాలో ఆయనకు తెలియలేదు. కాసేపటికి, ఎక్కడో దూరంగా, దగ్గు.

ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. గురువు తప్ప ఎవరూ లేరు. మళ్లీ మూశాడు. ఈసారి దగ్గరగా, పక్కనే పడుకుని దగ్గుతున్నట్టు. ఈ కొట్టానికి వచ్చినాక ఇన్నాళ్లుగా వినపడని దగ్గు.

"సామీ!" గురువు వైపు తిరిగాడు. "తిరుపాలు మళ్లా దగ్గుతా ఉంది సామీ."

లాలూసాబు లేచి విల్లు తెచ్చి పొయ్యి దగ్గర పెట్టుకున్నాడు. వదులైన తాడును సెగకు చూపుతూ, బొటనవేలితో కొంచెం కొంచెంగా తుడుస్తూ కూర్చున్నాడు. సుంకన్న పాక్కుంటూ వెళ్లి విల్లు రెండో కొస పట్టుకున్నాడు. పొగకు కళ్లు మండినా వదల్లేదు.

ఎంతసేపటికో తాడు బిగిసింది. గురువు గోటితో మీటాడు.

టుంయ్.

సుంకన్న ఛాతీ ఊపిరితో నిండింది. గురువు మళ్లీ మీటాడు. ఊపిరి దానంతటదే బయటికి పోయింది. మళ్లీ. మళ్లీ. సుంకన్న పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏకడానికి పొడి దూది లేదు. అయినా గురువు ఆ ముసురు వెలిసేదాకా ఉండుండి ఉత్తి తాడు మీటుతూనే ఉన్నాడు.

ఒక పొద్దున ఎండ వచ్చింది. కొట్టం కప్పు మీంచి ఆవిర్లు లేచాయి. పోయిన కొండ తిరిగొచ్చి తన చోట నిలబడింది. సుంకన్న తడి దూదంతా మోసుకొచ్చి వాకిట్లో ఆరబోశాడు.

"దారి ఆరింది. గుహకు బయల్దేరతావా?" అన్నాడు లాలూసాబు.

సుంకన్న వంచిన తల ఎత్తకుండా దూది తిరగేస్తూ ఉన్నాడు.

దూది ఆరింది. లాలూసాబు విల్లును మళ్లీ దూలానికి కట్టి, గూటం ఎత్తి, ఆగాడు.

"అడ్డమైతే చెప్పు నాయనా, ఆపుతా."

గోడవారన సుంకన్న అప్పటికే కళ్లు మూసుకున్నాడు.

"కొట్టండి సామీ" అన్నాడు.