కోటమ్మ చెప్పిన రెండు సాక్ష్యాలు

తుంగకుంటకి ఎగువన పదహారు వరిమళ్ళు. ఆ మళ్ళలో నిండిన నీరు మడవ దాటి, పిల్లకాలువ దిగి, చివరికి కుంటలోకే చేరాలి. దానికి వేరే దారి లేదు. మళ్ళు దున్నేది ఎద్దు వీరన్న. కలుపు తీసేది నీటికోళ్ళు. తుంగనీ ఊదనీ ముక్కులతో పీకి గట్టుమీద పడేసి, కోతల్లో రాలిన గింజలు ఏరుకుని తినేవి. కింద కుంటలో చేపలు బతికేవి.

ఆ ఏడు నాట్లయిన పదోనాడు నక్క గవర్రాజు వీపుకి ఓ డబ్బా కట్టుకుని దిగాడు.

"ఏం వీరన్న మావా, ఇంకా ఈ కోళ్ళ కాళ్ళే పట్టుకుంటున్నావా? ఇవి పీకేలోపు కలుపు నీ పైరుని మింగేస్తుంది. నా దగ్గర మందుంది. ఒక్కపూట కొడితే వారంలో కలుపు మాడి మసైపోతుంది. నాకేం ఇవ్వక్కర్లేదు, మళ్ళలో దొరికే ఎలుకలన్నీ నాకొదిలెయ్, చాలు."

వీరన్న నెమ్మదస్తుడు. నెమరు ఆపి ఆలోచించాడు.

"మడవ నీరు కుంటలోకి పోతుంది కదరా. చేపలకేమన్నా అవుతుందేమో?"

"భలేవాడివే! ఇది కలుపుని చంపే మందు. చేప కలుపా?"

ఆ మాట వీరన్నకి సబబుగానే తోచింది. అడగవలసింది అడిగేశాను కదా అనుకుని మళ్ళీ నెమరులో పడ్డాడు. నీటికోళ్ళకి పని పోయింది. మందు కొట్టిన రెండోనాడే కుండపోతగా వాన కురిసింది. మడవలు తెగి, మళ్ళ నీరంతా కుంటలోకి దిగిపోయింది.

కుంటలో అందరికంటే గట్టి ప్రాణం కొర్రమేను కోటమ్మది. మూరెడు ఒళ్ళు, నల్లటి నిగనిగ. కొర్రమేను జాతికి ఓ వెసులుబాటు ఉంది. మిగతా చేపల్లా మొప్పలతో నీళ్ళని నమ్ముకుని కూర్చోదు. మూతి పైకి పెట్టి గాలి పీల్చుకుంటుంది. బురదలో పడేసినా ఓ పూట బతుకుతుంది. ఆ గొప్ప కోటమ్మ రోజుకి పదిసార్లు చెప్పుకునేది.

ఓ పొద్దున ఆమె దగ్గరికి చేదుపరిగె పైడమ్మ ఒరిగిపోతూ వచ్చింది. వేలెడంత చేప.

"అప్పా, మొప్పలు మండిపోతున్నాయి. ఎంత పీల్చినా ఊపిరి అందడంలేదు. తిన్నగా ఈదుదామంటే ఒళ్ళు పక్కకి తిరిగిపోతోంది. నిన్న మా చెల్లి లకుముకిపిట్ట నీడని చూసింది. చూసి కూడా తప్పుకోలేకపోయింది, తల్లీ. పిట్ట ఎత్తుకుపోయింది."

"మీ జాతే అంత పైడమ్మా. తుమ్మితే ఊడే ముక్కులు. నేనూ ఈ నీళ్ళలోనే ఉన్నాను కదా, నాకేమైంది?"

మర్నాటికి పరిగెలు పదులకొద్దీ వెల్లకిలా తేలాయి. వాటి వెనకే రెండు పెద్ద బొచ్చెచేపలు. మిగిలినవాళ్ళు మొరపెట్టుకుంటే, వీరన్న అందరినీ మర్నాడు పొద్దున తీర్పుకి గట్టు దగ్గరికి రమ్మన్నాడు.

గవర్రాజు ఊరుకుంటాడా? ఆ సాయంత్రమే కుంట గట్టుమీద వాలాడు.

"కోటమ్మా, నిన్ను చూస్తేనే కుంటకి కళ. ఆ పరిగెలు కుళ్ళు నాచు తిని రోగాలు తెచ్చుకుని, మందుమీద నెడుతున్నాయి. నీలాంటి పెద్దమనిషి ఉన్న మాట చెబితే చాలు. అబద్ధం చెప్పమనటంలేదు సుమా!"

పెద్దమనిషి అన్న మాట కోటమ్మకి తలకెక్కింది. తెల్లారి అందరి ముందూ మూతి పైకెత్తి చెప్పింది: "నేనూ అవే నీళ్ళలో ఉన్నాను. నాకేమీ కాలేదు."

"విన్నారా!" అన్నాడు గవర్రాజు. "మందులో విషముంటే కొర్రమేను బతికుండేదా? తిండి శుభ్రత లేదు, ఈత బద్ధకం. తప్పు వాళ్ళలో పెట్టుకుని మందుని తిడతారేం?"

వీరన్న తలూపాడు. చచ్చినవాళ్ళదే తప్పని తేల్చి తీర్పు ముగించారు. పైడమ్మ వెళ్తూ వెళ్తూ కోటమ్మ వైపు ఒక్క చూపు చూసింది. అంతే.

పదిహేను రోజులకి కోటమ్మ, మగడు అప్పన్న కలిసి తుంగదుబ్బుల మధ్య గూడు కట్టుకున్నారు. గుడ్లు పెట్టింది. ఏటా బంగారు పూసల్లా మెరిసే గుడ్లు ఈసారి సగానికిపైగా తెల్లగా పాలిపోయి కుళ్ళాయి. మిగిలినవి పిల్లలయ్యాయి. కొన్నిటికి నడుం వంకర. కొన్ని ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. మడవల నుంచి ఇంకా ఊరుతున్న నీటికి వాటి మొప్పలు ఎర్రగా వాచి, నోళ్ళు తెరుచుకుని తన్నుకుంటున్నాయి.

"పైకి పోండర్రా! పైకి పోయి గాలి పీల్చండి!" అని కోటమ్మ వాటిని మూతితో నెట్టింది. ఒక్కొక్కదాన్నీ పైకి నెడుతూనే ఉంది. అవి మళ్ళీ కిందికి జారిపోతున్నాయి.

"వాటికి గాలి పీల్చడం ఎలా వస్తుందే?" అన్నాడు అప్పన్న. "ఆ అమరిక ఇంకా ఎదగలేదు. అందాకా వాటికీ మొప్పలే గతి. పరిగెలకిమల్లే."

పరిగెలకిమల్లే. కోటమ్మకి ముందు దుఃఖం వచ్చింది. దుఃఖం వెనకే సిగ్గు. ఆ తర్వాత ఒళ్ళంతా కోపం.

తిన్నగా పైడమ్మ దగ్గరికి వెళ్ళింది.

"నీ పిల్లలు పోతేగానీ నా మాట నీకు వినబడలేదా అప్పా?" అంది పైడమ్మ.

"వినబడలేదు. తప్పు నాదే. తిట్టు. తిట్టాక ఏం చెయ్యాలో చెప్పు. రేపు రెండోసారి మందు కొడతాడట."

పైడమ్మ తిట్టలేదు. అంత ఓపిక ఆమెకి లేదు. "ఒక్కటి గమనించావా? వాడు నక్క. ఇన్ని చేపలు గట్టు పొడుగునా తేలాయి, ఒక్కదాన్ని కూడా ముట్టలేదు. నీతో మాట్లాడిననాడు కూడా పొడిగట్టు మీదనుంచే మాట్లాడాడు. మూతైనా తడి చేసుకోలేదు."

కోటమ్మకి ఆ ఒక్క మాట చాలింది.

పొద్దున్నే గవర్రాజు డబ్బా కట్టుకుని వచ్చాడు. ఎలుకలు పట్టడానికి పెళ్ళాం కూడా వెంట వచ్చింది. వీరన్న గట్టుమీద ఉన్నాడు. పని లేని నీటికోళ్ళు ఓ పక్కన కూర్చున్నాయి. కోటమ్మ పిల్లకాలువలో ఎగబాకి, బురదలో పొట్టతో పాకి, గట్టెక్కి అందరి మధ్యా పడింది. పొలుసులు గీసుకుపోయి రక్తం వస్తోంది.

"వీరన్న మావా! ఆనాడు నేను అబద్ధం చెప్పలేదు. అలాగని నిజమూ చెప్పలేదు. నేను పీల్చింది గాలి. సాక్ష్యం చెప్పింది నీళ్ళ గురించి."

"పాపం, పిల్లలు పోయిన దిగులుకి మతి చలించింది," అన్నాడు గవర్రాజు. "నీళ్ళు అమృతం మావా. కుంట చేపలు నవనవలాడుతున్నాయి."

"అలాగా? అయితే నన్ను తిను."

"నిన్నా?"

"నన్నే. నక్కకి కొర్రమేనుని మించిన విందు లేదంటారు. వెంటాడక్కర్లేదు, నీ కాళ్ళ దగ్గరే పడి ఉన్నాను. ఈ కుంట నీళ్ళలోనే పెరిగాను. తిను."

గవర్రాజు నోట్లో నీళ్ళూరాయి. కాళ్ళు మాత్రం వెనక్కి పోయాయి.

"ఇవాళ... ఏకాదశి."

"ఏకాదశి మొన్ననే వెళ్ళింది," అంది ఓ నీటికోడి.

"పొద్దున్నే ఎలుకలు తిన్నాను. అరగలేదు."

"ఇంకా ఒక్క ఎలుకనీ పట్టందే?" అన్నాడు వీరన్న. ఆయన నెమరు వెయ్యడంలేదు.

అందరూ తనకేసే చూస్తుంటే గవర్రాజుకి పరువు అడ్డొచ్చింది. ఒక్క కాటు కొరికి తర్వాత ఉమ్మేద్దామనుకున్నాడేమో, కళ్ళు మూసుకుని నోరు తెరిచి వంగాడు. కోటమ్మ కదల్లేదు. ఆ నోటి వేడి వీపుకి తగిలినా కదల్లేదు.

"ముట్టకయ్యా!" ఆడనక్క కేక మళ్ళన్నీ దాటి వినబడింది. "ఆ కుంట చేప ముడితే విషమని నాతో నువ్వే చెప్పావు కదా! పాలిచ్చేదానివి, వాసన కూడా చూడొద్దన్నావు!"

ఇంటిగుట్టు బయటపడిపోయింది. గవర్రాజు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

వీరన్న లేచి నిలబడ్డాడు. "నిన్ను అడిగాను కదరా!"

"అడిగావు మావా," అంది కోటమ్మ, రొప్పుతూ. "అడిగి ఊరుకున్నావు."

పిల్లకాలువలోంచి పైడమ్మ తల పైకెత్తింది. గొంతు సన్నం, కానీ అందరికీ వినబడింది. "ఇన్ని శవాలు తేలితే మీకు సాక్ష్యం చాల్లేదు. నక్క పెళ్ళాం ఒక్క కేక వేస్తే చాలిందా?"

వీరన్న తలవంచుకుని, ముట్టెతో మెల్లగా దొర్లించి కోటమ్మని కాలువలోకి దింపాడు. ఆ తర్వాత కొమ్ములు దించి గవర్రాజు మీదికి ఉరికాడు. డబ్బా ఊడి గట్టుమీద పడింది, నక్క పొలిమేర దాటింది. డబ్బాని ఎవరూ తవ్వని మిట్టమీద లోతుగా పూడ్చారు. మడవలకి అడ్డకట్టలు వేశారు. నీటికోళ్ళని బతిమాలి మళ్ళీ పనిలోకి పిలిచారు.

కుంట ఒక్కరోజులో బాగుపడలేదు. వానలు కురిసి, అలుగు పారి, మళ్ళీ కురిస్తేగానీ నీళ్ళ మంట తగ్గలేదు. కోటమ్మ పిల్లల్లో పధ్నాలుగు బతికాయి. అందులో రెండు ఇప్పటికీ వంకరగానే ఈదుతాయి. ఆ రెండింటినీ కోటమ్మ పరిగెల గుంపులోనే తిప్పుతుంది.

గవర్రాజు వాగు అవతల కాపురం పెట్టాడు. అక్కడ నీళ్ళు మంచివే, చేపలూ దండిగా దొరుకుతాయి. కానీ ఏ చేప తెచ్చి ముందు పెట్టినా పెళ్ళాం ముట్టదు. పిల్లల్ని వెనక్కి లాక్కుని, "ఇది ఏ నీళ్ళది?" అని అడుగుతుంది. ఆయన ఒట్టు మీద ఒట్టు పెట్టి నిజమే చెబుతాడు. ఆవిడ నమ్మదు.

నీతి: తన ఊపిరి పైనుంచి తెచ్చుకునేవాళ్ళు, కిందివాళ్ళ నీళ్ళు మంచివని సాక్ష్యం చెప్పకూడదు.