తుపాను మిగిల్చిన పిల్ల

అనగనగా సముద్రం ఒడ్డున ఒక మడ అడవి. ఆ అడవిలో నూకాలు అనే తెల్లకొంగ ఉండేది. ఆ ఏడాదే మొదటిసారి గూడు కట్టుకుని మూడు గుడ్లు పెట్టింది. లేత నీలం రంగు గుడ్లు. అదే చెట్టు కింది కొమ్మ మీద అప్పాయమ్మ అనే నీటికాకి కాపురం. అప్పాయమ్మకు ఒక్కటే పిల్ల.

ఒకరోజు ఆకాశం రాగి రంగుకు తిరిగింది. పెద్దకొంగ గుంపులోని కొంగలన్నిటినీ పిలిచాడు.

"పెద్ద తుపాను వస్తోంది. పైఊళ్ళ చెరువుల వైపు ఎగిరిపోదాం, పదండి."

"మరి నా గుడ్లు ఎలా తెచ్చుకోను మావయ్యా?" అంది నూకాలు.

పెద్దకొంగ ఆ మూడు గుడ్ల వైపు చూశాడు. మిగతా కొంగలను తీసుకుని వెళ్ళిపోయాడు.

నూకాలు ఉండిపోయింది. అప్పాయమ్మా కదల్లేదు. గాలి వచ్చింది. నూకాలు రెక్కలు చాపి గుడ్లను కప్పుకుంది. గాలి మీద గాలి, అల మీద అల. చివరికి చెట్టే కూలిపోయింది.

తెల్లారి చూస్తే నూకాలు బురదలో పడి ఉంది. చెట్లకు ఒక్క ఆకు లేదు. గూడూ లేదు, గుడ్లూ లేవు. మెల్లగా లేచి వెతకడం మొదలుపెట్టింది.

పీత కనిపించింది. "నా గుడ్లు చూశావా?" అని అడిగింది.

"లేదమ్మా. నా బొరియే ఎక్కడుందో తెలియడం లేదు. అంతా ఇసుక మేట వేసింది" అంది పీత.

జింక కనిపించింది. "నా గుడ్లు చూశావా?"

"లేదు తల్లీ. మంచినీళ్ళ మడుగులోకి సముద్రం వచ్చేసింది. నా పిల్ల ఆ ఉప్పునీళ్ళు తాగలేక ఏడుస్తోంది" అంది జింక.

తాబేలు తాత కనిపించాడు. "గుడ్లు చూడలేదు గానీ, ఆ పడిపోయిన కొమ్మల కింద ఏదో ఏడుపు వినబడుతోందమ్మా" అన్నాడు.

నూకాలు పరుగున వెళ్ళి కొమ్మలు తప్పించింది. అక్కడ అప్పాయమ్మ పిల్ల వణుకుతూ ఉంది. అప్పాయమ్మ లేదు. ఎంత పిలిచినా పలకలేదు.

అప్పుడే పెద్దకొంగ తిరిగొచ్చాడు. "రా అమ్మాయ్. ఇక్కడ తిండి లేదు, నీడ లేదు. మనవాళ్ళందరూ చెరువు దగ్గర ఉన్నారు."

"ఈ పిల్ల ఎగరలేదు కదా మావయ్యా."

"అది మన పిల్ల కాదమ్మా."

నూకాలుకు ఏడుపొచ్చింది. నా పిల్లలే దక్కలేదు, ఇంకొకరి పిల్లను ఎలా చూస్తూ కూర్చోను అనిపించింది. వెళ్ళిపోదామని రెక్క విప్పింది. చలికి ఆ పిల్ల వచ్చి రెక్క కిందికి దూరింది. నూకాలు రెక్క ముడుచుకుంది.

"నువ్వెళ్ళు మావయ్యా. నేను తర్వాత వస్తాను."

రోజంతా వెతికితే నాలుగు చేపలు దొరికేవి. అవి పిల్లకే చాలేవి కావు. ఆ పిల్ల తిండి కోసం తల మొత్తం నూకాలు గొంతులో దూర్చేసేది. నొప్పి పుట్టినా నూకాలు ఓర్చుకునేది. అది చూసి పీత, చేపలు చిక్కుకున్న గుంటలు చూపించింది. జింక వెతికి వెతికి తీపినీళ్ళ ఊట కనిపెట్టి, అందరినీ పిలిచింది. నూకాలుకు ఈత రాదు. అందుకని తాబేలు తాత పిల్లను కాలువలోకి దింపి, మునిగి ఈదడం నేర్పాడు.

"అమ్మా" అంది పిల్ల ఒకరోజు.

"మీ అమ్మ అప్పాయమ్మ. గాలి వస్తున్నా నిన్ను వదిలి వెళ్ళలేదు. నేను నీకు అత్తను" అని చెప్పింది నూకాలు.

వానలు పడ్డాయి. మడచెట్లు చిగురు వేశాయి. కొంగలన్నీ తిరిగి వచ్చాయి. నూకాలు కొత్త కొమ్మ మీద మళ్ళీ పుల్లలు పేర్చడం మొదలుపెట్టింది. పెద్దదైన నీటికాకి పుల్లలు తెచ్చి అందిస్తోంది.

"అత్తా, మళ్ళీ తుపాను వస్తుందని భయం లేదా నీకు?"

"ఉంది. గాలి కాస్త గట్టిగా వీచినా ఆ మూడు గుడ్లే గుర్తొస్తాయి" అంది నూకాలు. ముక్కుతో ఒక పుల్లను గూట్లో దోపింది. "ఆ పొడుగు పుల్ల ఇటివ్వు. ఈసారి గట్టిగా అల్లుదాం."

నీతి: పోయినవారి కోసం ఏడవడం తప్పు కాదు, కానీ ఆ ఏడుపులోనే మిగిలినవారిని దగ్గరికి తీసుకోవాలి.