సుంకి జవాబు

హుసేనప్ప కూతురు సుంకి అడగడం మానేసింది.

ఏడేళ్ళ పిల్ల. అలిగిందీ లేదు, జబ్బు చేసిందీ లేదు. పిలిస్తే వస్తుంది, పెడితే తింటుంది, చెబితే వింటుంది. విని "ఊ" అంటుంది. అది ఏమిటి, ఇది ఎందుకు అన్న మాట మాత్రం ఆ నోట రావడం లేదు. ఇదీ ఒక బాధేనా అని ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు గాని, హుసేనప్పకు ముద్ద గొంతు దిగడం లేదు.

ఎందుకంటే ఆ పిల్లను బడికి పంపనన్నది తనే. పంతులు బెత్తం చూసి బిడ్డ జ్వరం తెచ్చుకుంటే, "నా బిడ్డకు చదువు నేనే చెప్తా. ఇంట్లోనే చెప్తా, ఆటల్లోనే చెప్తా" అని పదిమందిలో అన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని జనం మూతులు తిప్పారు. తిప్పనీ అనుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మరి.

అన్నమాట తప్పలేదు కూడా. సుంకి ఓనగుంటలు ఆడితే పక్కన చేరి ఆ చింతగింజలతోనే కూడికలు నేర్పాడు. చీమలబారు చూస్తూ కూర్చుంటే చీమల పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాడు. ఒకరోజు తల్లి మారెక్క జొన్నరొట్టెలు తడుతుంటే పిల్ల కూడా ఇంత పిండిముద్ద తీసుకుని తట్టింది. అది ఏదో వంకర ఆకారంలో వచ్చింది. హుసేనప్ప దాని మీద గిన్నె బోర్లించి, చుట్టూ అంచులు కోసి, గుండ్రం అంటే ఏమిటో చెప్పాడు.

పిల్ల కోసేసిన ముక్కల వంక చూసింది. "నాయనా, ఇది ఆటనా, పాఠమా?" అంది.

"రెండూనమ్మా!" అన్నాడు. ఆ మాటకు తనే మురిసిపోయాడు కూడా, పాపం.

ఆ తర్వాత తండ్రి చెప్పుల చప్పుడు వినపడితే చాలు, సుంకి గింజలన్నీ ఒళ్ళోకి ఎత్తుకుని మంచం కిందికి దూరడం మొదలుపెట్టింది. "నిన్ను చూస్తే బిడ్డ ఆట ఆపేస్తాంది. నీ కండ్లకు కనపడ్డం ల్యాదా?" అంది మారెక్క. కనపడింది. కనపడ్డాక ఇక ఇంట్లో నిలవలేకపోయాడు. బిడ్డలో వెలుగుతున్నదాన్ని తన చేత్తో తనే ఆర్పేశానేమోనన్న భయం పట్టుకుంది. ఆ భయంతోనే గుట్టెక్కి గురువు దగ్గరికి పోయాడు.

గురువు లాలుసాబు గుట్టమీది దర్గాలో ఉండే ముసలి ఫకీరు. తక్కువ మాట్లాడతాడు. ఎదుటివాళ్ళు చెప్పుకుంటుంటే పొద్దుగూకేదాకా వింటాడని పేరు. హుసేనప్ప పోయేసరికి అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు.

"సామీ, నా బిడ్డ..." అన్నాడు హుసేనప్ప.

"అడిగేది మానేసింది" అన్నాడు లాలుసాబు.

హుసేనప్ప ఆశ్చర్యపోయాడు. ఊరి సంగతులు గుట్టెక్కకుండా ఉంటాయా అని సర్దుకున్నాడు. "అవును సామీ. ముందంతా గడియకొక..."

"గడియకొక ప్రశ్న అడిగేది."

"నేను యాడా విసుక్కోకుండా..."

"అన్నిటికీ జవాబు చెప్పినావు."

గురువు ఎప్పుడూ ఇలా మాటకు అడ్డం రాడు. వచ్చినా తప్పు చెప్పడం లేదు. అన్నీ నిజమే. అయినా హుసేనప్పకు లోపల ఏదో మూసుకుపోతున్నట్టుంది. దారి పొడుగునా పేర్చుకుని వచ్చిన మాటలు. ఒక్కటీ తన నోటితో బయటికి రాలేదు.

"మొన్న అది మంచం కిందికి దూరుతాంటే చూసి నాకు..."

"ఏడుపొచ్చింది."

ఏడుపు రాలేదు. వచ్చింది సిగ్గు. కన్నబిడ్డ తనను చూసి దాక్కుంటే ఆ ఇంట్లో తాను దొంగనన్నట్టు సిగ్గేసింది. అది చెప్పుకోవాలనే ఇంత ఎండలో గుట్టెక్కాడు. కానీ ఇప్పుడు అదంతా విప్పి, కాదు సామీ అని మొదలుపెట్టే ఓపిక లేకపోయింది.

"ఊ" అన్నాడు.

అన్నాక తన గొంతులో సుంకి గొంతు వినిపించింది. తలెత్తి గురువు వైపు చూశాడు. లాలుసాబు చెనిక్కాయలు ఒలవడం ఆపి, మొదటిసారి తిన్నగా అతని ముఖంలోకి చూస్తున్నాడు.

"ఆ పిల్ల కడసారి నిన్నేం అడిగింది?" అన్నాడు లాలుసాబు.

ఈసారి అడ్డం రాలేదు. హుసేనప్ప మెల్లగా చెప్పాడు. "పొడుపుకథ ఏసింది సామీ. దానంతట అదే కట్టింది. 'కాళ్ళు ల్యావు, గడప దాటి వస్తాది. చేతులు ల్యావు, నన్ను లేపుతాది. ఏంది?' అనింది. నేను చటుక్కున ఎండ అంటి. ఎండ తూర్పు నుంచి ఎందుకు వస్తాదో కూడా చెప్పినా."

"పిల్ల జవాబు అదేనా?"

"ఇంకేముంటాది సామీ. ఎండే."

"అడిగితివా?"

హుసేనప్ప లేచాడు. గురువుకు దండం పెట్టడం కూడా మరిచి గుట్ట దిగాడు.

సుంకి వాకిట్లో పుల్లలతో ఏదో కడుతోంది. తండ్రిని చూడగానే చేతులు వెనక్కి తీసుకుంది. హుసేనప్ప నేల మీద చతికిలబడ్డాడు. రొప్పుతున్నాడు.

"సుంకీ, ఆ రోజు పొడుపుకథ ఏస్తివి కదా. గడప దాటి వచ్చేది. దానికి నువ్వేమనుకున్నావు తల్లీ?"

"ఎండ" అంది పిల్ల.

"అది నేను చెప్పింది. నువ్వనుకున్నేది చెప్పు. మీయమ్మ రొట్టె తట్టే చప్పుడా? కోడి కూతనా?" అనేసి, నాలుక కరుచుకున్నాడు. మళ్ళీ తనే చెప్పేస్తున్నాడు.

పిల్ల అతని ముఖంలోకి వెతికినట్టుగా చూసింది. ఏది చెబితే నాయన సంతోషిస్తాడో అక్కడ రాసి ఉంటుందన్నట్టు చూసింది.

"ఎండే నాయనా" అంది. కాసేపాగి, చిన్న గొంతుతో, "తప్పు చెప్పినానా?" అంది.

చాన్నాళ్ళకు ఆ పిల్ల అడిగిన ప్రశ్న అదొక్కటే. హుసేనప్ప లేదమ్మా అని తల అడ్డంగా ఊపాడు. పిల్ల పుల్లలు ఏరుకుని లోపలికి పోయింది.

అతను మళ్ళీ గుట్టెక్కేసరికి పొద్దు వాలుతోంది. లాలుసాబు అక్కడే ఉన్నాడు.

"ఎండే అంటాంది సామీ" అన్నాడు హుసేనప్ప. "దాని జవాబు దానికే గుర్తు ల్యాదు. నా జవాబే దాని నోట్లో ఉండాది." పక్కకు తిరిగి, కండువాతో ముఖం అదుముకుని ఏడ్చాడు. లాలుసాబు ఓదార్చలేదు. ఏడవనిచ్చాడు.

"ఇంక నోరు కట్టుకుంటా సామీ. వాళ్ళమ్మ దగ్గిర, కోళ్ళ దగ్గిర, దాని ఇష్టమొచ్చినట్టు ఆడుకోనీ. నేనేమీ చెప్పను. అట్ల ఉంటే అది మళ్ళీ అడుగుతాదా?"

లాలుసాబు జవాబు కోసం అతను కళ్ళప్పగించి చూశాడు. ఇన్నేళ్ళ శిష్యరికంలో ఆ నోటి నుంచి ఏదో ఒకటి దొరకకుండా ఏనాడూ గుట్ట దిగలేదు.

ముసలాయన చేతులు దులుపుకున్నాడు.

"తెలీదప్పా" అన్నాడు.