ఇటలీ తులసమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, కాకినాడే అనుకో, ఒక మేడ మీద పేరిందేవమ్మ అనే నానమ్మ ఉండేది. ఆమెకి ఆరేళ్ళ మనవరాలు, పేరు చారుమతి.

ఒకనాడు కోడలు హేమలత నర్సరీ నుంచి ఒక కుండీ తెచ్చింది. నున్నటి వెడల్పాటి ఆకులు. తాకితే చాలు, చెయ్యంతా ఘుమఘుమ.

"ఇటలీ తులసి అత్తయ్యా, వంటలోకి."

"తులసిని వండుతావుటే! ఇటలీలో పుట్టినంత మాత్రాన తల్లి కాకుండా పోతుందా?"

పేరిందేవమ్మ కుండీని బాల్కనీలో పెట్టి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, రోజూ దణ్ణం పెట్టింది. ఒక్క ఆకు కోయనిచ్చేది కాదు.

"కొసలు గిల్లకపోతే పూతకొచ్చి ముదిరిపోతుంది అత్తయ్యా. గిల్లితే కొసకి రెండేసి చిగుళ్ళు."

"దేవుణ్ణి గిల్లమంటావా?"

ఆ తర్వాత చారుమతికి జ్వరం వచ్చింది. వారానికి తగ్గింది గానీ, నోటికి ఏదీ హితవు లేదు. మొదటిరోజు చారన్నం పెడితే తల తిప్పేసింది. రెండోరోజు పెసరకట్టు కలిపితే కంచం తోసేసింది. మూడోరోజు ఆవకాయ చూపించినా కళ్ళెత్తలేదు. పిల్ల గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పేరిందేవమ్మ గుండె నీరైపోయింది.

అప్పుడు పిల్ల మెల్లగా బాల్కనీలోకి నడిచింది. కుండీ పక్కన కూర్చుని, ఆకుల్లో ముక్కు పెట్టింది.

"నానమ్మా, ఇది తినచ్చా?"

మూడు రోజుల్లో పిల్ల తిండి మాట ఎత్తడం అదే మొదలు.

పేరిందేవమ్మ చేతులు జోడించింది. "తల్లీ, పిల్ల తినాలి. పాపమైతే నాకు చుట్టుకోనీ, దానికొద్దు." కళ్ళు మూసుకుని మూడు కొసలు గిల్లింది.

హేమలత వెల్లుల్లి ఒలవబోయింది.

"తులసిలో వెల్లుల్లా! రామ రామ!"

"సరే, జీడిపప్పు చాలు లెండి. పొయ్యి మీద మాత్రం పెట్టకండి, వాసన పోతుంది. పచ్చిగానే నూరాలి."

"అంటే రోటి పచ్చడి! ఆ మాట ముందే చెప్పచ్చుగా!"

ఆకులు, జీడిపప్పు, ఉప్పు, కాస్త నువ్వులనూనె. పేరిందేవమ్మ రోట్లో మెత్తగా నూరింది, వేడన్నంలో కలిపింది. మొదటి ముద్ద పిల్ల అనుమానంగా నమిలింది. రెండోది మింగింది. మూడోదానికి తనే నోరు తెరిచింది. చూస్తుండగానే కంచం ఖాళీ, రోలు ఖాళీ.

"ఇంకా," అంది చారుమతి.

స్నానం చెయ్యందే తులసిని తాకని ఆ మనిషి, వేళ్ళకి మెతుకులతోనే, ఎంగిలి చేత్తోనే బాల్కనీలోకి పరిగెత్తింది.

చిగురేమో కొమ్మకి,
ముద్దేమో బొజ్జకి,
కథేమో కంచికి,
కన్నేమో నిద్దరకి.