నిరుడు ఏం నమిలావు?

సిలారుకు గురువు మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన రోగులతో కబుర్లు మరీ ఎక్కువ చెబుతాడు.

గురువు బందగీ షా ఫకీరు, హకీము కూడా. కొండ కింద దర్గాను ఆనుకుని ఒక బండల వసారా, రెండు చాపలు, గోడలో మందుల గూడు. అంతే ఆయన వైద్యశాల. పళ్ళ జబ్బులకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడికే వచ్చేవి. వచ్చినవాళ్ళ నోరు తెరిపించే ముందు ఆయన తీరిగ్గా కూర్చుని అడిగేవాడు.

"నిరుడు ఉరుసుకు ఏం నమిలావు? చెరుకు కొరికావా? ఏ పక్కన?"

ఇక వాళ్ళు మొదలుపెట్టేవాళ్ళు. చెరుకు సంగతి, కోడలి సంగతి, కుంటి ఎద్దు సంగతి. ఆయన తలూపుతూ అన్నీ వినేవాడు. బయట ఎండలో జనం దవడలు పట్టుకుని నిలబడి ఉండేవాళ్ళు.

సిలారు చురుకైనవాడు. ఇంత కాలక్షేపం చూస్తూ కూర్చోవడం అతని వల్ల కాలేదు. సన్నటి వెండి సలాక ఒకటి చేయించి, దాని మీద గాట్లు పెట్టించాడు. చిగురుకూ పంటికీ మధ్య దాన్ని మెల్లగా దించితే, జబ్బు ఎంత లోతుకు పోయిందో గాటు చెప్పేస్తుంది. దాన్ని బట్టి ప్రపంచంలోని నోళ్ళన్నిటినీ నాలుగు మెట్లుగా విడగొట్టాడు. తోముకుంటే నెత్తురు వచ్చేది మొదటి మెట్టు. చిగురు వాచి పంటిని వదలడం మొదలైతే రెండోది. చీము పట్టి పంటి మొదలు బయటపడితే మూడోది. నాలుకతో తోస్తే పన్ను ఊగేది నాలుగోది. ఏ మెట్టువాడికి పళ్ళు ఎన్నాళ్ళుంటాయో కూడా తేల్చేశాడు. జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవారు. సలాక దించడానికి అది కూడా వీలుగానే ఉండేది.

ఒకరోజు గురువు ఎదుటే తిరపమ్మ అనే ముసలామె నోరు చూశాడు.

"మూడో మెట్టు, అవ్వా. వచ్చే శనక్కాయల పంటకు ఒక్కటి కూడా మిగలదు."

తిరపమ్మ మొహం వాడిపోయింది. గురువు వైపు తిరిగింది. "ఏంది సాయిబూ ఇట్లంటాడు? మా పెద్దోడు చంటిబిడ్డగా ఉన్నప్పటి నుంచీ నా చిగుర్లు ఇట్లనే ఉండాయి గదా."

"పెద్దోడు బాగున్నాడా?" అన్నాడు గురువు.

"వాడికేం, మనవళ్ళను ఎత్తుకోని తిరుగుతాండాడు."

"అయితే ఇంటికి పోయి శనగలు తిను. రోజూ ఉప్పునీళ్ళు పుక్కిలించు."

ఆమె అటు వెళ్ళగానే సిలారు ఉక్రోషంగా అడిగాడు. "హజ్రత్, సలాక అబద్ధం చెప్పిందంటారా?"

"లేదు, నిజమే చెప్పింది."

"మరి?"

గురువు సలాకను తీసుకుని, అంగీ అంచుతో తుడిచి, మళ్ళీ అతని చేతిలో పెట్టాడు. "ఆమె పెద్దకొడుకు వయసెంతో దీన్ని అడుగు."

ఆయన వెక్కిరిస్తున్నాడనుకున్నాడు సిలారు. ముసలాయనకు కొత్త విద్య అంటే గిట్టదని కూడా అనుకున్నాడు.

ఉరుసు అయిపోగానే గురువు వేరే ఊరి దర్గాకు బయలుదేరాడు. మళ్ళీ ఉరుసుకు గానీ రానన్నాడు. వైద్యశాల సిలారు చేతికి వచ్చింది. బయట ఎండలో నిలబడేవాళ్ళు తగ్గిపోయారు. ఒక్కొక్కరికి ఎంతసేపు, నోరు తెరిచి మూసేంతసేపే. సిలారు లోలోపల పొంగిపోయేవాడు.

ఆ రోజుల్లోనే దూదేకుల పకీరయ్య వచ్చాడు. ఇంకా ముప్పై నిండని మనిషి. సన్నాయి వాయించడంలో ఆ సీమలో అతనికి సాటి లేరు. గుడిలో కల్యాణానికి అతనే కావాలి, దర్గాలో జెండా ఎక్కించడానికీ అతనే కావాలి. జెండా పైకి పోతున్నప్పుడు అతను వాయిస్తుంటే బందగీ షా అంతటివాడు కూడా కళ్ళు తుడుచుకునేవాడు.

వస్తూనే కడవ దగ్గర కూలబడి ముంత మీద ముంత నీళ్ళు తాగాడు. సన్నాయి వాళ్ళకు గొంతు ఎండిపోవడం మామూలేలే అనుకున్నాడు సిలారు.

"సన్నాయి పీక నోట్లో పెట్టుకుంటే ముందరి పండ్లు జివ్వుమంటాండాయి సాయిబూ. ఇయ్యి పోతే నా ఇంట్లో పొయ్యి వెలగదు. ఉన్నదున్నట్టు చెప్పు."

సిలారు సలాక దించాడు. ఒకసారి కాదు, ప్రతి పంటి చుట్టూ ఓపిగ్గా దించాడు. గాట్లు చూసుకున్నాడు.

"రెండో మెట్టే. మూడో మెట్టులో ఉన్న తిరపమ్మవ్వే ఇంకా నములుతోంది. నీకెందుకు బెంగ? ఈ పళ్ళపొడి తోముకో. ఏళ్ళకేళ్ళు వాయించుకో."

పకీరయ్య మొహం విప్పారింది. అంతలోనే మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు, "అది కాదు సాయిబూ, నిరుడైతే నేను..." అన్నాడు.

"సలాక చూసింది కదా పకీరయ్యా" అని సిలారు గుమ్మం వైపు చూశాడు. "రండమ్మా, తరవాత ఎవరు?"

పకీరయ్య దండం పెట్టి, పొడి పొట్లం జేబులో పెట్టుకుని, పోతూ పోతూ ఇంకో ముంత నీళ్ళు తాగి వెళ్ళాడు.

మళ్ళీ ఉరుసు వచ్చింది. గురువు తిరిగి వచ్చాడు. పొద్దు వాలుతుండగా జెండా చుట్టూ జనం చేరారు. డోలు మోగింది. అందరూ పకీరయ్య కోసం చూశారు.

అతను సన్నాయి పట్టుకునే వచ్చాడు. మనిషి సగమైపోయాడు. తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. చెంగు తీసి పీక పెదాల మధ్య పెట్టుకునే సరికి అందరికీ కనబడింది. ముందరి పళ్ళు పైనా లేవు, కిందా లేవు. పెదాలు లోపలికి కూలిపోయాయి. బుగ్గలు పూరించి ఊదాడు. గాలి పక్కల నుంచి పోయింది. మళ్ళీ ఊదాడు. ఉమ్మి కారింది గానీ పాట రాలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదేమో.

ఆ ఏడు జెండా ఒట్టి డోలు మీదే ఎక్కింది.

జనంలోంచి తిరపమ్మ సిలారు దగ్గరికి వచ్చింది. వేయించిన శనగలు పటపట నములుతోంది. "ఇంగా ఊడలేదు నాయనా" అంటూ అతని దోసిట్లో కూడా గుప్పెడు పోసింది. సిలారు వాటిని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

వసారాలో భోజనాలు పెట్టారు. గురువు సిలారును పిలిచి, జొన్నరొట్టె ఒకటి చేతికిచ్చాడు.

"పకీరయ్యకు పెట్టు. అక్కడే కూర్చో."

పకీరయ్య రొట్టెను తుంచి నీళ్ళలో వేశాడు. నానేదాకా చూశాడు. వేళ్ళతో మెదిపి, నాలుక మీద పెట్టుకుని, వెనక దవడకు తోసుకుని మింగాడు. మళ్ళీ ఇంకో ముక్క తుంచి వేశాడు.

సిలారు చూడలేకపోయాడు. లేచిపోవడానికి గురువు ఆజ్ఞ లేదు. చివరికి అడిగాడు. "ఎప్పటి నుంచి ఇట్లా తింటున్నావు?"

పకీరయ్య ముక్కను నీళ్ళలో అదుముతూ చెప్పాడు. "ముందటేడు ఉరుసుకు ఆ ముందరి పండ్లతోనే వక్కలు కొరికినా. నిరుడు ఉగాదికి రొట్టె గట్టిగా తగలబట్టె. నీ కాడికి వచ్చేతలికే నానబెట్టంది మింగుడు పడేది గాదు. ఈ పాడు దప్పిక గూడా అప్పుడే పట్టుకునె. అదే చెప్దామనుకున్నా సాయిబూ."

అతని మాటలో కోపం లేదు. ఉంటే సిలారుకు అతని కాళ్ళ మీదైనా పడే వీలుండేది.

సిలారు గురువు వైపు తిరిగాడు. "అప్పుడే అడిగి ఉంటే... ఆ పళ్ళు నిలిచేవా హజ్రత్?"

"ఆ దప్పిక మధుమేహానిది. దానికి మందిస్తూ, వారం వారం చిగుళ్ళ కింద గార తీస్తూ పోతే కొన్నేళ్ళు నిలిచేవేమో. చెప్పలేను."

సిలారు నడుం దగ్గరి సంచీలోంచి వెండి సలాక తీశాడు. దాన్ని గురువు కాళ్ళ దగ్గర పెట్టాడు. "ఇది నాకొద్దు."

బందగీ షా వంగి దాన్ని తీసుకున్నాడు. అంగీ అంచుతో తుడిచి, శిష్యుడి చెయ్యి పట్టుకుని, అందులో పెట్టి, వేళ్ళు మూశాడు.

"ఉంచుకో. దాని తప్పేం లేదు."

చాపకు అవతల పకీరయ్య ఇంకా ఆ రొట్టె తింటూనే ఉన్నాడు.